తన్‌ఖా ఒక్కటే కాదు, ఇంతెజార్ కూడా లెక్కపెట్టండి

టెన్త్, ఇంటర్ రిజల్ట్స్ వచ్చే నెలల్లో కోడుమూరులో నాకు ఒకటే సవాల్ ఎదురవుతుంది. జుమా నమాజ్ అయి మస్జిద్ మెట్లు దిగుతుంటే ఒకరు అడుగుతారు, బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఇంకొకరు అడుగుతారు. "భాయ్, మీరు పేపరోళ్లు, మీకు తెలిసుంటుంది. డాక్టరుకు ఎక్కువొస్తుందా, ఇంజనీరుకు ఎక్కువొస్తుందా? పిల్లోన్ని బైపీసీలో వేయాలా, ఎంపీసీలో వేయాలా?"

ఈ సవాల్ అడిగినందుకు ఎవరూ శరమ్ పడాల్సిన పని లేదు. తాలీమ్ గురించి మాట్లాడేటప్పుడు పైసల ముచ్చట తేకూడదని కొందరు బుజుర్గులు అంటారు. కడుపు నిండిన ఇళ్లకు ఆ మాట సరిపోతుంది. మన ఇళ్లలో అబ్బా మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగ్ షాపులోనో, పండ్ల బండి మీదనో సంపాదిస్తాడు. అమ్మీ కుట్టుమిషన్ తొక్కుతుంది. అలాంటి ఇంటికి ఒక బిడ్డ చదువు అంటే జిందగీలో పెట్టే అతి పెద్ద ఖర్చు. ఆ ఖర్చు తిరిగి రోజీ తెస్తుందా అని అడగడం లాలచ్ కాదు, జిమ్మేదారీ.

సవాల్ జాయెజే, అడిగే తీరులోనే పొరపాటు ఉంది. మనం ఎంత వస్తుందని అడుగుతున్నాం. ఎప్పుడు వస్తుంది, అంతవరకు ఇంటిని ఎవరు మోస్తారు అని అడగడం లేదు. డాక్టరీకీ ఇంజనీరింగుకీ అసలు ఫర్క్ తన్‌ఖాలో కన్నా ఇంతెజార్‌లో ఎక్కువ ఉంది. ఆ ఇంతెజార్ ఖరీదు ఎవరి జేబులోంచి పోతోందో చూసుకోకుండా ఫైసలా చేసిన ఇళ్లు ఎలా నలుగుతున్నాయో మన మొహల్లాల్లోనే కనిపిస్తుంది.

మొదట హుకూమత్ ఏమంటుందో చూద్దాం. కేంద్ర ప్రభుత్వంలో ఏడవ పే కమిషన్ లెక్క ప్రకారం, యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష రాసి చేరిన ఇంజనీరుకూ, కంబైన్డ్ మెడికల్ సర్వీసెస్ రాసి చేరిన డాక్టరుకూ ఒకటే మెట్టు. ఇద్దరిదీ లెవెల్ 10, ఇద్దరి మూలవేతనం 56,100 రూపాయలతోనే మొదలవుతుంది. డాక్టరు ప్రైవేటు ప్రాక్టీసు చేయకూడదు కాబట్టి, దానికి బదులుగా మూలవేతనంలో 20 శాతం ఎన్‌పీఏ అని కలుపుతారు. అంతే తేడా. తెలంగాణలో 2022లో వచ్చిన నోటిఫికేషన్లు తీసుకోండి. సివిల్ అసిస్టెంట్ సర్జన్ స్కేలు 58,850 నుంచి 1,37,050 దాకా. ఇంజనీరింగ్ శాఖల్లో ఏఈఈ స్కేలు 54,220 నుంచి 1,33,630 దాకా. మొదటి మెట్టు మీద ఇద్దరి మధ్య తేడా 4,630 రూపాయలు. మన ఆంధ్రప్రదేశ్‌లో అంకెలు కొంచెం వేరు, వరస మాత్రం ఇదే.

అంటే సర్కారీ తరాజులో డాక్టరూ ఇంజనీరూ దాదాపు బరాబర్. కానీ ఇంజనీరు ఆ కుర్చీకి 22 ఏళ్లకే హక్‌దార్ అవుతాడు. డాక్టరు ఎంత చకచకా చదివినా 23 దాటుతుంది. ఆ మాట ఏ స్కేలులోనూ కనపడదు.

ఇక సర్కారీ నౌకరీలు ఎన్ని? పదిమందిలో తొమ్మిదిమందికి బజారే దిక్కు. బజారులో ఇంజనీరు జీతం అంటే ఒక అంకె కాదు. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో 40 లక్షల ప్యాకేజీ వచ్చిన పిల్లోడి ఫోటో ఉంటుంది. అదే బ్యాచ్‌లో ఖాళీగా ఉన్నవాళ్ల ఫోటోలకు ఫ్లెక్సీ ఎవరూ కట్టరు. మధ్యలో ఉన్న మామూలు పిల్లోడి సంగతి తెలుసుకోవాలంటే టీసీఎస్ లాంటి పెద్ద కంపెనీ కొత్తగా చేర్చుకునేవాళ్లకు ఇచ్చే మామూలు ఆఫర్ చూడాలి. అది ఏడాదికి 3 లక్షల 36 వేలు. నెలకు 28 వేలు, అదీ పీఎఫ్ వగైరా కోతలకు ముందు. పదేళ్ల కింద కూడా ఈ కంపెనీల్లో మొదటి జీతం మూడు లక్షల పైచిలుకే. హైదరాబాదులో రూము అద్దె పెరిగింది, బెంగళూరులో భోజనం ధర పెరిగింది, కొత్త ఇంజనీరు తన్‌ఖా మాత్రం దాదాపు నిలబడిన చోటే నిలబడింది.

ఒకసారి చేరితే జిందగీ గడిచిపోతుందన్న భరోసా కూడా పోయింది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా నౌకరీలను తగ్గిస్తున్నట్టు చెప్పింది. కర్నూలు పుల్లారెడ్డి కాలేజీలో చదివినా, నంద్యాల ఆర్‌జీఎంలో చదివినా, హునర్ ఉన్నవాడికే ఆ తలుపు తెరుచుకుంటుంది. పట్టా ఒక్కటే చూపిస్తే వాచ్‌మన్ కూడా లోపలికి పంపడు.

అయినా ఇంజనీరింగులో ఒక సులువు ఉంది. ఫీజు చేతికి అందేంతలో ఉంటుంది. కన్వీనర్ కోటాలో కాలేజీని బట్టి ఏడాదికి నలభై వేల నుంచి లక్ష దాకా. వైఎస్ రాజశేఖర రెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేర్లు మార్చుకుంటూ ఇంకా నడుస్తోంది. పైసలు ఆలస్యంగా పడినా పడుతున్నాయి. నాలుగేళ్లలో చదువు అయిపోతుంది. నౌకరీ రాకపోతే మరో దారి వెతుక్కోవడానికి వయసు చేతిలో ఉంటుంది.

ఇప్పుడు డాక్టరు లెక్క. 18 ఏళ్లకు ఇంటర్ అవుతుంది. మొదటిసారే నీట్‌లో సీటు తెచ్చుకునే పిల్లలు తక్కువ, కాబట్టి ఒక ఏడాది లాంగ్ టర్మ్ వేయండి. 19కి ఎంబీబీఎస్‌లో చేరితే నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది హౌస్ సర్జన్సీ. పట్టా చేతికొచ్చేసరికి ఇరవై నాలుగున్నర. హౌస్ సర్జన్‌కు ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పెంచిన స్టైపెండ్ నెలకు 22,527 రూపాయలు. కానీ ఇప్పుడు ఒట్టి ఎంబీబీఎస్‌తో ఎవరూ ఆగడం లేదు. జనం కూడా బోర్డు మీద ఎండీనో ఎంఎస్సో లేకపోతే లోపలికి రావడం లేదు. పీజీ సీటు కోసం ఇంకో ఏడాది, పీజీ మూడేళ్లు. అలా 29 వస్తాయి.

అదే 18 ఏళ్లకు అదే మొహల్లా పిల్లోడు ఇంజనీరింగులో చేరి, 22కి నెలకు 28 వేలతో మొదలుపెట్టాడనుకోండి. ఏటా పదిశాతం పెరిగిందనుకుందాం. 29 వచ్చేసరికి ఏడేళ్లలో మొత్తం 32 లక్షల దగ్గర సంపాదిస్తాడు. డాక్టరు పిల్లోడు అదే 29కి హౌస్ సర్జన్సీలో రెండు లక్షల డెబ్బై వేలు, గవర్నమెంటు కాలేజీలో పీజీ దొరికితే 2022 నాటి నెలకు 50 వేల స్టైపెండ్ లెక్కన మూడేళ్లకు 18 లక్షల పైచిలుకు, మొత్తం 21 లక్షల దగ్గర. పది లక్షలకు పైగా వెనక ఉంటాడు. ఇది గవర్నమెంటు సీటు వచ్చిన, ఎక్కడా తప్పని, అన్నీ సవ్యంగా జరిగిన డాక్టరు లెక్క.

29 తర్వాత కథ తిరుగుతుంది. స్పెషలిస్టు డాక్టరు తొందరగానే మామూలు ఇంజనీరును దాటిపోతాడు. వయసు పెరిగేకొద్దీ డాక్టరు కద్ర్ పెరుగుతుంది. ఐటీలో నలభై దాటినవాడు ఎప్పుడు లేఖ చేతికిస్తారోనని బుగులుగా ఉంటాడు. డాక్టరీలో నేల ఎత్తుగా ఉంటుంది, అంత కిందికి ఎవరూ పడరు. ఇంజనీరింగులో ఆకాశమూ దూరమే, గొయ్యీ లోతే. కాబట్టి ముప్ఫై ఏళ్ల జిందగీ మొత్తం కలిపి చూస్తే, కన్వీనర్ సీటులో చదివిన డాక్టరుదే పైచేయి అని నేను నమ్ముతాను. ఒకటే షర్త్. ఆ ఇల్లు 29 దాకా నిలబడగలగాలి.

ఇక్కడ సీటు ఎలా వచ్చిందన్నది అన్నిటికన్నా పెద్ద మాట. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు మెడికల్ కాలేజీలకు ఖరారు చేసిన ఫీజులు ఇవి: కన్వీనర్ కోటాలో ఏడాదికి 15 వేలు, బి కేటగిరీలో 12 లక్షలు, సి కేటగిరీలో 36 లక్షలు. తర్వాత ఇంకా పెరిగాయి. ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ముగ్గురు పిల్లలు, ఒకే ప్రొఫెసర్, ఒకే పట్టా, మూడు ధరలు. 2023లో మొదలైన నంద్యాల ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కూడా సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు 12 లక్షలు, ఎన్నారై సీటుకు 20 లక్షలు పెట్టారు.

బి కేటగిరీ సీటు కొంటే నాలుగున్నరేళ్లకు ఫీజే 54 లక్షలు. హాస్టలు, పుస్తకాలు, ప్రయాణాలు కలిపితే 60 లక్షలు దాటుతుంది. మన దగ్గర ఇంత రొక్కం ఎవరికుంది? ఎకరాలు అమ్ముతారు, ఇల్లు తాకట్టు పెడతారు, మిగతాది సూద్‌కు తెస్తారు. కోడుమూరులో సూద్ ధర నూటికి రెండు రూపాయలు అనుకుందాం. 60 లక్షలకు నెలకు లక్షా ఇరవై వేలు. ఇంతకుముందు చెప్పిన సివిల్ అసిస్టెంట్ సర్జన్ స్కేలు మళ్లీ ఒకసారి చూడండి. మొదటి మూలవేతనం 60 వేల దగ్గర. దానికి డీఏ, అద్దె భత్యం కలిపినా ఆ తన్‌ఖా మొత్తం సూద్‌కే చాలదు. అసలు అలాగే ఉంటుంది. సూద్ హరామ్ అన్న సంగతి కాసేపు పక్కన పెట్టినా, వ్యాపారం తెలిసిన ఏ కోమటిశెట్టీ ఇలాంటి సౌదా చేయడు.

"కర్జ్ తీర్చడానికి కొడుకు డాక్టరయ్యాక దహేజ్ వస్తుంది కదా" అని మన మధ్యనే అనేవాళ్లున్నారు. ఆ మాట వినపడిన ప్రతిచోటా మనం గట్టిగా అడ్డుపడాలి. డాక్టరు రిష్తా అనగానే జోడే కీ రఖమ్ పెరిగిపోతుంది. కారు అడుగుతారు, క్లినిక్ పెట్టించమంటారు. అంటే ఒక ఇంటి ఇంతెజార్ ఖర్చును ఇంకో ఇంటి ఆడపిల్ల వాలిదైన్ మీద వేస్తున్నాం. నికాహ్‌ను ఇలా ఈఎంఐ కట్టే దారిగా మార్చుకున్నాక, ఆ డాక్టరు ముందు కూర్చున్న మరీజ్ కూడా ఆ కర్జ్‌లో ఒక వాయిదాగానే కనిపిస్తాడు. అవసరం లేని స్కానింగులు ఎక్కడి నుంచి వస్తున్నాయని అడిగితే, కొంత జవాబు ఆ సీటు ధరలో ఉంది.

ఇక్కడ సీటు రాకపోతే బయటి దేశం అంటారు. కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్, జార్జియా, ఉక్రెయిన్. ఏజెంటు బ్రోషరులో అంతా ఇరవై, ముప్ఫై లక్షల్లో అయిపోతుంది. తిరిగొచ్చాక రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షలో చాలాసార్లు నలుగురిలో ఒకరో, ఐదుగురిలో ఒకరో పాసవుతున్నారన్న మాట బ్రోషరులో ఉండదు. 2021 నిబంధనల ప్రకారం అక్కడ కనీసం 54 నెలల చదువు, అదే చోట ఏడాది ఇంటర్న్‌షిప్, మళ్లీ ఇక్కడికొచ్చి ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద జంగ్ మొదలైనప్పుడు ఆపరేషన్ గంగా విమానాల్లో తిరిగొచ్చిన వేలమంది పిల్లల్లో మన తెలుగు పిల్లలు ఎంతోమంది. వాళ్ల వాలిదైన్‌కు ప్రాణాలు దక్కిన షుకర్ ఒకవైపు, చదువు ఏమవుతుందన్న ఫికర్ ఇంకోవైపు.

దేశం దాటకపోయినా ఖతరా ఉంటుంది. కడప ఫాతిమా మెడికల్ కాలేజీ 2015-16 బ్యాచ్ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఆ బ్యాచ్‌కు మెడికల్ కౌన్సిల్ అనుమతి దక్కక చదువు ఆగిపోయి, 2017లో పిల్లలూ వాలిదైనూ విజయవాడ వీధుల్లో దీక్షలకు దిగాల్సి వచ్చింది. ఫీజు కట్టినా, మార్కులున్నా, తమ చేతిలో లేని కారణానికి వాళ్ల జవానీలోని సంవత్సరాలు పోయాయి.

ఇప్పుడు ఈ ఇంతెజార్‌ను ఎవరు మోస్తున్నారో చూద్దాం. నా అసలు బాధ ఇదే.

ముగ్గురు పిల్లలున్న ఒక మామూలు ఇల్లు తీసుకోండి. పెద్దోడు లాంగ్ టర్మ్‌లో ఉన్నాడు. హాస్టలుతో కలిపి ఏడాదికి లక్షన్నర, రెండు లక్షలు. మొదటిసారి సీటు రాలేదు, రెండోసారి కూర్చున్నాడు. మూడోసారి కూడా "ఈసారి పక్కా" అంటున్నాడు. ఈలోపు నడిమి ఆడపిల్ల ఇంటర్‌లో వాడికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. కర్నూలుకు రోజూ బస్సులో పంపాలా, హాస్టలులో వేయాలా అన్న మాట వచ్చేసరికి ఇంట్లో పైసలు లేవు. "భయ్యా సీటు తేల్చుకోనీ, తర్వాత చూద్దాం." ఆ తర్వాత అన్నది రాదు. రిష్తా వస్తుంది. చిన్నోడు చదువు మీద దిల్ లేదంటూ మామూ షెడ్డులో చేరతాడు. దిల్ లేకపోవడం కాదు, వాడి వంతు ఫీజు ముందే ఖర్చయిపోయింది.

పేపరులో డాక్టరు జీతం, ఇంజనీరు జీతం పక్కపక్కన రాసినప్పుడు ఈ చెల్లి చదువు ఏ గడిలోనూ ఉండదు. పెద్దోడు 29కి స్పెషలిస్టయి లక్షలు సంపాదించినా, ఆమె ఆగిపోయిన చదువు తిరిగి రాదు. ఆమె ఖుర్బానీ ఇచ్చిందని అందరూ మెచ్చుకుంటారు. ఆమెను ఎవరూ అడగలేదన్నది ఎవరికీ గుర్తుండదు.

ఇంకో మాట ఆలోచించండి. దేశం మొత్తం మీద నీట్ రాసేవాళ్లలో ఇప్పుడు అబ్బాయిలకన్నా అమ్మాయిలే ఎక్కువ. మన ఉర్దూ స్కూళ్లలో కూడా మార్కుల్లో ముందుండేది బేటీలే, ఏ టీచరునడిగినా చెబుతారు. అలాంటప్పుడు ఇంట్లో ఒక్కరికే ఇంతెజార్ చేసే హైసియత్ ఉంటే, అది కొడుకుకే ఎందుకు దక్కాలి? మన ఆడవాళ్లు లేడీ డాక్టరు కావాలని కర్నూలు పెద్దాసుపత్రిలో వెతుకుతారు. మన ఇంటి ఆడపిల్లను లేడీ డాక్టరు చేయడానికి మాత్రం వయసు మీరిపోతుందని, రిష్తాలు రావని వెనకాడతారు.

2006లో సచార్ కమిటీ ఇచ్చిన రిపోర్టులో ఒక మాట నన్ను ఇప్పటికీ వదలదు. దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో 25 మందికి ఒక్కరు, పీజీ స్థాయిలో 50 మందికి ఒక్కరు ముస్లిములని కమిటీ రాసింది. లోపలికి వెళ్లేవాళ్లే తక్కువ. వెళ్లినవాళ్లలోనూ పై మెట్టు ఎక్కేవాళ్లు సగానికి సగం తగ్గిపోతున్నారు. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు. నాకు కనిపించే పెద్ద కారణం ఇంతెజార్ మోసే శక్తి లేకపోవడమే. డిగ్రీ అయ్యేసరికి ఇంటి సబర్ అయిపోతుంది. "ఇంక చాలు బేటా, ఏదో ఒక నౌకరీ చూసుకో" అంటారు. డాక్టరీలో అసలు సంపాదన పీజీ తర్వాతే మొదలవుతుంది కాబట్టి, మధ్యలో దిగిపోయినవాడికి కష్టం మాత్రం మిగిలి ఫలం పక్కవాడికి పోతుంది.

కాబట్టి ఈ సంవత్సరం పిల్లల ఫైసలా చేయబోయే వాలిదైన్‌కు నా గుజారిష్ కొన్ని.

మొదటిది, కాగితాలు. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ 2010 నాటి సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఇప్పటికీ నడుస్తోంది. కన్వీనర్ సీటుకు అది మన పిల్లలకు తెరిచిన తలుపు. షేక్‌లు మొదలైన 14 వర్గాలు అందులో ఉన్నాయి. దూదేకుల, నూర్‌బాషా భాయిలు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ ఇళ్లవాళ్లు ఆ జాబితాలో లేరు కానీ, ఆమ్దనీ 8 లక్షల లోపు ఉంటే ఈడబ్ల్యూఎస్ 10 శాతం కోటాకు అర్జీ పెట్టుకోవచ్చు. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక ఎమ్మార్వో ఆఫీసుకు పరుగెత్తితే పని కాదు. పేర్లలో, స్కూలు రికార్డులో ఫర్క్ ఉంటే టెన్త్‌కు ముందే సరిచేయించాలి.

రెండోది, లాంగ్ టర్మ్‌కు హద్దు. ఒకసారి సరే. రెండోసారి కూడా, మార్కులు సీటుకు దగ్గరగా ఉంటేనే. మూడోసారి వద్దు. ఆ హద్దు బిడ్డకు ముందే చెప్పాలి, కసరడానికి కాదు, వాడు ఇంకో దారి కూడా చూసి పెట్టుకోవడానికి.

మూడోది, కన్వీనర్ సీటు వస్తే ఎంత కష్టమైనా చదివించండి. రాకపోతే భూమి అమ్మి, సూద్ తెచ్చి సీటు కొనకండి. రొక్కం ఉండి, మిగతా పిల్లల హక్ కోయకుండా కట్టగలిగినవాళ్ల సంగతి వేరు. వాళ్లను నేను ఆపడం లేదు.

నాలుగోది, ఈ రెండు తలుపులే కాదని తెలుసుకోండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ మూలవేతనం లెవెల్ 7, అంటే 44,900 రూపాయలతో మొదలు. మంగళగిరిలోనే ఎయిమ్స్ ఉంది. ఆ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకే. కొత్త సాఫ్ట్‌వేర్ ఇంజనీరు 28 వేల పక్కన ఈ 44,900 పెట్టి చూడండి. అందరికీ ఎయిమ్స్ రాదు, ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సు జీతాలు చాలా తక్కువ, నిజమే. అయినా నర్సు పని ఇజ్జత్‌కు తక్కువని మన ఇళ్లలో కొట్టిపారేయడం ఏ లెక్కలోనూ నిలవదు. మరీజ్ ఖిద్మత్ చేసే చేతికి ఇజ్జత్ లేదనే హక్ మనకు ఎవరిచ్చారు? పాలిటెక్నిక్ డిప్లొమాతో రైల్వేలో జూనియర్ ఇంజనీర్ అయితే లెవెల్ 6, మూలవేతనం 35,400. ఉర్దూ చదువుకున్న పిల్లలకు కర్నూలులోనే డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ మెడికల్ కాలేజీ ఉంది. టెన్త్‌లో ఉర్దూ చదివి, నీట్ అర్హత తెచ్చుకున్నవాళ్లు బీయూఎంఎస్‌కు వెళ్లొచ్చు. పోస్టులు తక్కువన్న సంగతి తెలుసుకునే వెళ్లాలి. నీట్ పేపరు 2018 నుంచి ఉర్దూలో కూడా ఇస్తున్నారు. ఉర్దూ మీడియంలో చదివాం కాబట్టి సైన్స్ మనది కాదనుకునే రోజులు పోవాలి. నేనూ ఆ మీడియం నుంచే వచ్చాను, ఆ జంకు నాకు తెలుసు.

ఐదోది వాలిదైన్‌కు కాదు, జమాత్‌కు. ఇంతెజార్ ఒక్క ఇంటి మీద పడితే విరిగిపోతుంది. పంచుకుంటే మోయొచ్చు. పది ఇళ్లు నెలకు రెండు వేలు చొప్పున బైతుల్‌మాల్‌లో వేస్తే ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. ఒక పిల్ల లాంగ్ టర్మ్‌కు, లేదా ఒక ఎంబీబీఎస్ పిల్లోడు పీజీకి కూర్చునే ఏడాదికి సరిపోతుంది. అది కర్జ్-ఎ-హసనాగా ఇచ్చి, వాళ్లు సంపాదనలో పడ్డాక సూద్ లేకుండా తిరిగి తీసుకుంటే, ఆ పైసలే ఇంకో బిడ్డకు పనికొస్తాయి. మనకు దగ్గర్లోనే బీదర్‌లో షాహీన్ విద్యాసంస్థలు మదర్సాలో హిఫ్జ్ చేసిన పిల్లలను కూడా నీట్ దాకా తీసుకెళుతున్నాయి. ఫంక్షన్ హాళ్లలో వలీమాకు ఖర్చు పెడుతున్న ఖౌమ్‌కు పైసలు లేవని నేను ఒప్పుకోను.

"డాక్టరీ ఖిద్మత్ భాయ్, దాన్ని లెక్కలతో తూకం వేయకూడదు" అని కొందరు నాతో వాదిస్తారు. ఖిద్మత్ అన్న మాటకు నేను తల వంచుతాను. కానీ ఖిద్మత్ చేయాలంటే డాక్టరు చేతులు ఆజాద్‌గా ఉండాలి. 60 లక్షల కర్జ్ నెత్తిన పెట్టుకున్నవాడు పల్లెలో పీహెచ్‌సీకి రాడు, రాలేడు. కోడుమూరు మరీజ్ ఇంకా కర్నూలు బస్సు ఎక్కుతూనే ఉంటాడు. ఖిద్మత్ కోరుకునేవాళ్లే అందరికన్నా ముందు ఈ లెక్క వేయాలి.

"ఎలాగూ వానలు లేక భూమి పోతోంది, చదువు మీదనే పోనీ" అని ఇంకొందరు అంటారు. ఆ మాటలో మన రాయలసీమ రైతు నిరాశ ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ అమ్మిన భూమి ముగ్గురు పిల్లలదీ. దాని ఖరీదు ఒక్కడి సీటులో పోస్తే మిగతా ఇద్దరికి చేసేది ఇన్సాఫ్ కాదు.

కాబట్టి ఈసారి ఎవరైనా నన్ను డాక్టరా, ఇంజనీరా అని అడిగితే, ఎదురు నేను అడిగేవి మూడు. బిడ్డ మొదటి రూపాయి తెచ్చేదాకా ఎన్నేళ్లు ఆగగలరు? ఆ ఏళ్ల ఖర్చు సూద్ లేకుండా ఎక్కడి నుంచి వస్తుంది? ఆ ఏళ్లలో ఇంట్లో మిగతా పిల్లల చదువు నడుస్తుందా? ఈ మూడింటికి జవాబు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చదవండి. ఆడపిల్లను కూడా కూర్చోబెట్టండి. ఆమె మార్కుల మెమో కూడా ఆ కాగితం పక్కనే పెట్టండి. బైపీసీయా, ఎంపీసీయా అన్నది ఆ తర్వాత అడగొచ్చు.